యెరికో దారి మన ఊళ్లోనూ ఉంది

యెరూషలేము యాత్రకు వెళ్లినప్పుడు మనం ఒక పగలు గైడ్ వెంట యూదయ అరణ్యం చూస్తాం. వాదీ కెల్ట్ లోయ అంచున నిలబడితే, ఎదుట కొండచరియను అంటిపెట్టుకున్న సెయింట్ జార్జి మఠం కనబడుతుంది. సముద్ర మట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉన్న యెరూషలేము నుంచి, 250 మీటర్ల దిగువనున్న యెరికోకు పాత దారి ఇటే. దొంగలు కొట్టిపడేసినవాణ్ణి యాజకుడు, లేవీయుడు చూసి కూడా తప్పుకుపోయిన కథ (లూకా 10) ఈ దారిదే. జాతి అడగకుండా ఆగినవాడు సమరయుడు.

మన తెనాలి దగ్గరి చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది. కోర్టు తీర్పు ఏదైనా పొరుగువారిగా మన బాధ్యత తీరదు. లోయ అంచున ఫొటోలు తీసుకుని తిరిగొచ్చే మనం, కులం అడగకుండా ఆ గడపల ముందు ఆగుదాం.