గాజుతొట్టిలో చేపలు: ప్రేమతో పెట్టేదంతా మేత కాదు

క్రిందటి బక్రీద్ పండుగనాటి మాట. ఖుర్బానీ మాంసం పంపకాలు పూర్తయి, ఇంటిల్లిపాదీ భోజనాలు ముగించిన వేళ, తొమ్మిదేళ్ల మా మనుమరాలు చిన్న గిన్నెలో పచ్చి ఖీమా తీసుకొని ముందుగదిలోని గాజుతొట్టి వద్ద నిలబడింది. "దాదా, అందరికీ పండుగే కదా! చేపలకు కూడా పెట్టనా?" అని అడిగింది. ఆ ప్రశ్నలోని దయ మాకు ముచ్చట గొలిపింది. పెట్టమన్నాము. నారింజ రంగు చేపలు ఆరూ నీటి పైకి ఎగబడి క్షణాలలో తినివేశాయి. మరునాడు, ఆ మరునాడు కూడా మేమే గుర్తుచేసి పెట్టించాము.

నాలుగవ రోజున రెండు చేపలు మేతకు రాలేదు. రాళ్ల చాటున దాగి, వేగంగా మొప్పలు ఆడిస్తూ కనిపించాయి. పొట్టలు ఉబ్బాయి. వెనుక తెల్లని దారం వంటి మలం వేలాడుతోంది. పది రోజులు తిరిగేసరికి మూడు చేపలు చనిపోయాయి. "నేను పెట్టినందుకే చనిపోయాయా, దాదా?" అని ఆ పాప అడిగినప్పుడు, ఇన్నేళ్లుగా పిల్లల ప్రశ్నలకు సమాధానాలు చెబుతూ వచ్చిన మాకు నోట మాట రాలేదు. పెట్టమన్నది మేము. తెలియనితనమూ మాదే.

నేడు మన ఇళ్లలో ఎన్నో చోట్ల పిల్లల ముచ్చట కొరకు అక్వేరియం వెలుస్తోంది. తొట్టి కొనేటప్పుడు దాని పరిమాణం, దీపం, రంగురాళ్ల గురించి విచారిస్తాము. లోపలి ప్రాణి ఏమి తింటుందో మాత్రం విచారించము. దుకాణదారు ఇచ్చిన మేత డబ్బా ఒక్కటీ చాలుననుకుంటాము. ఆ మూడు చేపలు పోయిన తరువాత మేము చదివి, అనుభవజ్ఞులను అడిగి తెలుసుకున్న సంగతులను ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాము.

ఒకే కుటుంబం, వేర్వేరు ఆహారాలు

మా తొట్టిలోనివి ‘రెడ్ జీబ్రా’ అనే చేపలు. ఇవి సిచ్లిడ్ అనే పెద్ద కుటుంబానికి చెందినవి. దుకాణాలలో కనిపించే ఆస్కార్, ఏంజెల్, డిస్కస్ చేపలు కూడా ఈ కుటుంబంలోనివే. మనుషులు జాతులను కలిపి పుట్టించిన ఫ్లవర్‌హార్న్, ప్యారట్ చేపలదీ ఇదే వంశం. చేపల బజారులో దొరికే తిలాపియా, కేరళవారు ఎంతో ఇష్టంగా తినే కరిమీన్ సైతం సిచ్లిడ్‌లే. కుటుంబం ఒకటే కనుక తిండి కూడా ఒకటేనని అనుకోవడం వద్దనే పొరపాటు మొదలవుతుంది.

రెడ్ జీబ్రా స్వస్థలం తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సు. మలావీ, మొజాంబిక్, టాంజానియా దేశాల నడుమ విస్తరించిన ఆ మహా సరస్సులో వందలాది సిచ్లిడ్ జాతులున్నాయి. వాటిలో అత్యధికం ప్రపంచంలో మరెక్కడా లేవు. 1984లో ఆ సరస్సులో కొంత భాగాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అన్ని జాతులు ఒకే నీటిలో ఎలా బ్రతుకుతున్నాయంటే, ఒకదాని ఆహారం మరొకదానిది కాదు గనుక. కొన్ని రాళ్లమీది నాచును గీకి తింటాయి. కొన్ని ఇసుకను జల్లించి అందులోని పురుగులను ఏరుకుంటాయి. కొన్ని నీటిలో తేలే సూక్ష్మజీవులను, మరికొన్ని చిన్న చేపలను తింటాయి. ఈ చేపలకు నోటిలోని దవడలు గాక గొంతులో మరొక జత దవడలుంటాయి. ముందరి పళ్లు ఆహారాన్ని పట్టి తెస్తే, లోపలివి దానిని నలుగగొడతాయి. ఏ జాతికి ఏ ఆహారమో ఆ పళ్లూ దవడలూ దానికి తగినట్లే ఉంటాయి.

పేగు పొడవు చెప్పే సంగతి

పండుగనాడు మేక పేగులు శుభ్రం చేసినవారికి అవి ఎంత పొడవో తెలుసు. ఆకులలములు నెమ్మదిగా జీర్ణం కావాలంటే అంత పొడవు అవసరం. మాంసం తినే పిల్లి పేగు అందులో ఎన్నో వంతు కూడా ఉండదు. చేపలలోనూ ఇదే తీరు. నాచు తినే సిచ్లిడ్‌ల పేగు వాటి శరీరం కంటే ఎన్నో రెట్లు పొడవుగా చుట్టలు చుట్టుకొని ఉంటుంది. వేటాడి తినేవాటి పేగు పొట్టిది. పొడవైన పేగులో కొవ్వు నిండిన మాంసం పడితే అది త్వరగా కదలదు.

మేక, గొడ్డు మాంసాలతో మరొక చిక్కు ఉన్నది. వండిన నహారీ చల్లారినప్పుడు పైన కొవ్వు తెల్లగా గట్టిపడటం మన ఇళ్లలో అందరూ చూసేదే. మేక శరీరంలోని వేడికి ఆ కొవ్వు మెత్తగా ఉంటుంది. చేప శరీరానికి సొంత వేడి లేదు. తొట్టి నీరు 25 లేక 26 డిగ్రీలుంటే చేప కడుపు కూడా అంతే. అక్కడ ఆ కొవ్వు సులభంగా జీర్ణం కాదు. ఖీమా, కలేజీ, దిల్ వంటివి సిచ్లిడ్‌లకు పెట్టరాదనడానికి కారణం ఇదే.

మా చేపలకు వచ్చినటువంటి ఉబ్బును పెంపకందారులు ‘మలావీ బ్లోట్’ అంటారు. తగని మేత, మురికి నీరు, ఒత్తిడి దీనికి దారితీస్తాయని వారి అనుభవం. మేతను నోట పెట్టుకొని ఉమ్మివేయడం, మూలకు చేరడం, పొట్ట ఉబ్బడం దీని గుర్తులు. ఉబ్బు పైకి కనిపించేనాటికి చాలావరకు ఆలస్యమై ఉంటుంది. మొదటి గుర్తు కనిపించగానే మేత ఆపి, కొంత నీరు మార్చి, తెలిసినవారిని సంప్రదించాలి.

ఏ చేపకు ఏది?

నాచు తినే మలావీ చేపలకు స్పైరులినా ప్రధానంగా ఉన్న మేత గుళికలు మూలాహారం. వాటికి తోడుగా పాలకూరను బాగా కడిగి, వేడినీటిలో ఒక నిమిషం ముంచి, చల్లార్చి ఇవ్వవచ్చు. పచ్చి బఠాణీలను ఉడికించి, పై తొక్క తీసి, నలిపి వేయవచ్చు. కీరదోస ముక్కకు చిన్న బరువు కట్టి అడుగున ఉంచితే అవి చుట్టూ చేరి గీకి తింటాయి. తినగా మిగిలినదాన్ని కొన్ని గంటలలో తీసివేయాలి. ఉప్పు, నూనె, మసాలా ఏదీ తగలరాదు.

ఆస్కార్ అమెజాన్ ప్రాంతపు చేప. అడుగు పొడవు వరకు పెరుగుతుంది. అక్కడ అది పురుగులు, రొయ్యలు, చిన్న చేపలతో పాటు నీటిలో రాలిన పండ్లను కూడా తింటుంది. దానికీ, ఫ్లవర్‌హార్న్‌కూ మంచి మాంసకృత్తులున్న గుళికలు మూలాహారంగా ఉండాలి. వారానికి రెండుసార్లు ఉప్పు లేని పచ్చి రొయ్యను ఒలిచి, ముక్కలు చేసి పెట్టవచ్చు. ఎరువులు, మందులు చల్లని నేలలోని వానపాములు కూడా మంచివే. వారానికొకసారి ఉడికిన బఠాణీ పెడితే పీచు అందుతుంది. రొయ్యవంటి ఆహారంలోని సహజ వర్ణకాలు చేప ఎరుపును నిలుపుతాయి. కొద్ది రోజుల్లోనే రంగు తెస్తామని చెప్పే మేతల జోలికి పోకపోవడం మేలు.

ఏంజెల్, డిస్కస్ చేపల నోరు చిన్నది. వాటికి చిన్న గుళికలు, గడ్డకట్టించి అమ్మే సన్న రొయ్యజాతి జీవులు తగినవి. ఎండబెట్టిన ఎర్రపురుగులను అప్పుడప్పుడు కొద్దిగా, నానబెట్టి ఇవ్వాలి. వాటి పొడి కొందరు మనుషులకు దురద, తుమ్ములు తెప్పిస్తుంది. పిల్లల చేత ముట్టించకపోవడమే మంచిది. మురుగు కాలువలలో పెరిగే ట్యూబిఫెక్స్ పురుగులను సజీవంగా వేస్తే వాటి వెంట రోగాలు కూడా తొట్టిలోకి వస్తాయి.

మరొక దురలవాటును ప్రస్తావించక తప్పదు. అతిథులకు వినోదం చూపడానికి కొందరు ఆస్కార్ తొట్టిలోకి ప్రాణమున్న చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదులుతారు. గోల్డ్‌ఫిష్ శరీరంలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. అదే పనిగా వాటిని తిన్న చేపకు ఆ విటమిన్ కొరవడుతుంది. కిక్కిరిసిన తొట్లలో పెరిగిన ఆ చిన్న చేపలు రోగాలనూ తెస్తాయి. దానివల్ల ఆస్కార్‌కు మేలు లేదు. ఒక ప్రాణి భయాన్ని చూసి నవ్వడం మన పిల్లలకు నేర్పదగినదీ కాదు.

రొట్టె ముక్కలు, అన్నం, మరమరాలు కూడా మేత కావు. అవి నీటిని మురికి చేస్తాయి.

ఎంత పెట్టాలి?

మనుషులను చూడగానే చేపలు అద్దం వద్దకు పరుగెత్తుకొస్తాయి. అది ఆకలని మనం భ్రమపడతాము. చెయ్యి కనిపిస్తే మేత వస్తుందని అవి నేర్చుకున్నాయి, అంతే. సొంత వేడిని నిలుపుకోవలసిన పని లేదు గనుక చేపకు కావలసిన ఆహారం మనం ఊహించేదానికంటే చాలా తక్కువ. ఒకటి రెండు నిమిషాలలో మిగల్చకుండా తిన్నంతే ఒక పూట మేత. పెరిగిన చేపలకు రోజుకు ఒకటి రెండు పూటలు చాలు. పిల్ల చేపలకు కొంచెం కొంచెంగా మూడు నాలుగు పూటలు పెట్టాలి. పెద్ద చేపలకు వారంలో ఒక రోజు మేత మానినా హాని లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు తినకపోయినా తట్టుకోగలదు. కనుక ఊరికి పోయేటప్పుడు గుప్పెడు మేత వేసి వెళ్లే పని పెట్టుకోరాదు.

మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. చేప విసర్జన నుండి కూడా అదే పుడుతుంది. ఫిల్టరులో నివసించే మేలు చేసే బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైటుగా, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. మేత మితిమీరితే ఆ బ్యాక్టీరియా శక్తి చాలదు. ప్రతివారం నాలుగవ వంతు నీటిని తీసి, క్లోరిన్ పోయిన నీటిని నింపడం అలవాటు చేసుకోవాలి. మేత డబ్బాను తడి, ఎండ తగలకుండా ఉంచాలి. విప్పిన తరువాత విటమిన్లు క్రమంగా నశిస్తాయి గనుక, చవక అని పెద్ద డబ్బా కొనడం కంటే కొద్ది నెలలలో అయిపోయే చిన్నది కొనడం ఉత్తమం.

పిల్లిని కట్టివేసి, తాను తిండి పెట్టక, నేల మీద దాని ఆహారాన్ని అది వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ వృత్తాంతాన్ని మేము తరగతి గదిలో ఎన్నోసార్లు బోధించాము. అందులో ఆకలి మాత్రమే మాకు కనిపించేది. రెండవ మాట ఇప్పుడు అర్థమయింది. ప్రతి ప్రాణికీ ‘దాని ఆహారం’ అనేది ఒకటున్నది. దాన్ని వెతుక్కునే వీలు మనం తీసివేసినప్పుడు, ఆ ఆహారమేదో తెలుసుకోవలసిన భారం మన మీద పడుతుంది.

ఆ సాయంత్రం పాపకు చివరకు మేము చెప్పినది ఇదే: "నీ ప్రేమలో తప్పు లేదు బేటీ. వాటి సంగతి తెలుసుకోకుండా పెట్టమన్న నాదే తప్పు." నాటినుండి మేత వేసే పని ఆమెదే. గుళికలు కొలవడానికి ఒక చిన్న చెంచా పెట్టుకున్నది. ఏ రోజు ఏమి వేసినదీ గోడ క్యాలెండరు మీద వ్రాస్తుంది.

కొన్ని నెలల తరువాత ఒక చేప మళ్లీ మేత మానివేసింది. మా గుండె జారింది. పాప మాత్రం చాలాసేపు అద్దం వద్ద కూర్చొని చూసి వచ్చింది. "పొట్ట ఉబ్బలేదు దాదా, గొంతు ఉబ్బింది. నోరు నములుతున్నట్లు ఆడిస్తోంది" అన్నది. ఆమె చెప్పినది నిజం. ఈ జాతిలో తల్లి తన గుడ్లను నోటిలోనే దాచుకొని, పిల్లలు ఈదగలిగే వరకు దాదాపు మూడు వారాలు దాచి ఉంచుతుంది. ఆ కాలంలో ఆహారం దాదాపు ముట్టదు. పిల్లలను విడిచిన తరువాత బక్కచిక్కిన ఆ తల్లికి కొద్దికొద్దిగా మేత పెంచుతూ పోవాలి. పాప తన క్యాలెండరులో ఇరవై ఒక్క రోజులు లెక్కించి గుర్తు పెట్టుకున్నది. ఇరవై రెండవ నాటి ఉదయం రాళ్ల నడుమ బియ్యపు గింజల కంటే కొంచెం పెద్దవైన పిల్లలు కనిపించాయి. ఆమె చెంచా పట్టుకొని మా వద్దకు వచ్చి, "తల్లికి ఈ రోజు సగం చెంచాయే కదా, దాదా?" అని అడిగింది.