సెరెంగెటీని ఆవులు మేసేశాయా?

సఫారీకి వెళ్లొచ్చిన మనవాళ్లు ఫోన్లో చూపించే ఫొటోల వరస దాదాపు ఒకటే. సింహం, చిరుత, నది దాటుతున్న వైల్డ్‌బీస్ట్ మంద, చివర్లో ఎర్ర దుప్పటి కప్పుకుని గాల్లోకి ఎగురుతున్న మాసాయి కుర్రాడు. ఆ చివరి ఫొటో దగ్గరికి వచ్చేసరికి ఒక మాట కూడా పడుతుంది: "మంచోళ్లేగానీ, వీళ్ల ఆవులే అక్కడి అడవిని తినేస్తున్నాయట." ఎవరన్నారంటే జీపు డ్రైవరు, హోటలు మేనేజరు, లేదంటే ఏదో వీడియో.

ఊసుపోక చెప్పుకునే కబురైతే వదిలేయొచ్చు. కానీ ఈ ఒక్క మాటను పట్టుకునే టాంజానియాలో ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారు. 2022 జూన్‌లో సెరెంగెటీని ఆనుకుని ఉన్న లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేతభూమి చుట్టూ ప్రభుత్వం హద్దురాళ్లు పాతించింది. అడ్డం వెళ్లినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. బాణం తగిలి ఒక పోలీసు చనిపోయాడు. దెబ్బలు తిన్నవాళ్లు వైద్యం కోసం సరిహద్దు దాటి కెన్యాకు పోయారు. పక్కనే ఉన్న న్గోరోంగోరో నుంచి మాసాయి కుటుంబాలను సుమారు 600 కిలోమీటర్ల దూరంలోని మ్సొమెరాకు తరలిస్తున్నారు. అంతకుముందు నెలల తరబడి అక్కడి పత్రికల్లో, పార్లమెంటులో ఒకటే పాట: జనం పెరిగారు, ఆవులు పెరిగాయి, ప్రపంచ వారసత్వం మట్టికొట్టుకుపోతోంది. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని ముద్ర వేయాలి కదా.

అపోహ: మాసాయిల పశువులే సెరెంగెటీని పాడుచేశాయి

ముందు వైల్డ్‌బీస్ట్‌ల లెక్క చూద్దాం. 1960ల మొదట్లో అవి రెండున్నర లక్షలకు అటూ ఇటూగా ఉండేవి. 1977 నాటికి 13 లక్షలు దాటాయి. నడుమ ఏం జరిగింది? వాటికి కంచె వేసి కాపలా కాసినందువల్ల పెరిగాయనుకుంటే పొరపాటు. చుట్టుపక్కల ఊళ్లలో ఆవులకు టీకాలు వేశారు, అంతే.

రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి 1880ల చివర్లో ఎర్రసముద్రం వైపు నుంచి తూర్పు ఆఫ్రికాలోకి దిగింది. కొద్ది సంవత్సరాల్లోనే మాసాయి మందల్లో నూటికి తొంభై దాకా పడిపోయాయి. దాని వెంటే మసూచి, ఆకలి. ఆస్ట్రియా యాత్రికుడు ఆస్కార్ బౌమన్ 1892లో న్గోరోంగోరో చేరేసరికి అక్కడి మాసాయిలు ఆకలికి మాడి అస్థిపంజరాల్లా ఉన్నారు. ఆ తర్వాత వచ్చిన దొరలు ఖాళీ మైదానాన్ని చూశారు. ఎందుకు ఖాళీ అయిందని అడగలేదు. సృష్టి మొదలు ఇది ఇంతే, మనిషి అడుగు పడని చోటు అని రాసిపెట్టుకున్నారు. ఇవాళ్టి టూరిస్టు కరపత్రం దాకా నడిచొచ్చింది ఆ రాతే.

రోగం మాత్రం పోలేదు. ఆవుల్లో తిరుగుతూ, వాటి నుంచి వైల్డ్‌బీస్ట్ దూడలకు అంటుకుంటూ, ఏటా వాటిని మింగుతూ వచ్చింది. 1950ల్లో పశువులకు టీకాలు మొదలయ్యాక 1960ల మొదట్లోనే అడవి జంతువుల్లో దాని జాడ మాయమైంది. ఒక్క వైల్డ్‌బీస్ట్‌కీ సూది గుచ్చలేదు. కెన్యాలోని ముగుగాలో వాల్టర్ ప్లౌరైట్ తయారుచేసిన టీకాతో ఆ రోగాన్ని తరిమీ తరిమీ చివరికి 2011లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. సెరెంగెటీలో వైల్డ్‌బీస్ట్‌లు పెరిగి గడ్డి మేశాయి, గడ్డి తగ్గి కార్చిచ్చులు తగ్గాయి, కార్చిచ్చులు తగ్గి చెట్లు తిరిగి లేచాయి. ఎడారి అవుతోందంటున్న చోట జరిగింది ఇదీ.

ఇప్పుడు ఎవరి మేత ఎవరు తింటున్నారో చూద్దాం. జనవరి నుంచి మార్చి దాకా దక్షిణాన న్డూటు వైపు, అగ్నిపర్వతాల బూడిద పడి బలిసిన నేల మీద పొట్టి గడ్డి మొలుస్తుంది. ఏడాది మొత్తంలో అంత మంచి పచ్చిక మళ్లీ దొరకదు. సరిగ్గా అప్పుడే, అక్కడే వైల్డ్‌బీస్ట్‌లు లక్షల్లో ఈనుతాయి. పుట్టిన దూడ కంటి నీటిలో, ముక్కు చీమిడిలో ఒక వైరస్ ఉంటుంది. దూడకు దానివల్ల ఏమీ కాదు. ఆ చెమ్మ అంటిన గడ్డిని ఆవు మేసిందా, కొన్ని వారాల్లో ఒళ్లు కాలిపోతుంది, కళ్లు పొరకమ్మి తెల్లబడతాయి, మూతి నిండా పుండ్లు పడతాయి, చచ్చిపోతుంది. చికిత్స లేదు. అందుకే మొదటి దూడలు నేల పడే వేళకు మాసాయి కాపరి మందను తోలుకుని ఎత్తుకు, పిడుదులు పట్టే కొండగడ్డిలోకి పోతాడు. దూడలకు మూడు నాలుగు నెలల వయసొచ్చాక, పచ్చిక ఎండే వేళకు కిందికి దిగుతాడు. అంటే మొదటి పంక్తి అడవి జంతువులకు, ఎంగిలి విస్తరి ఆవులకు. నిందపడేది మాత్రం ఆవు మీదే.

ఇంకో సంగతి ఉంది. మాసాయిలు ముళ్లకంపతో గుండ్రంగా దొడ్డి కట్టి రాత్రిళ్లు పశువుల్ని అందులోకి తోలుతారు. కొన్నేళ్లకు దొడ్డి మారుస్తారు. పాత దొడ్డిలో పేరుకున్న పేడ మట్టిలో కలిసి, ఎండాకాలంలో కూడా ఒక పచ్చని వలయం మిగిలిపోతుంది. గాజెల్ జింకలు వెతుక్కుంటూ వచ్చేది ఆ వలయాల దగ్గరికే. కెన్యాలోని నారోక్ ప్రాంతంలో వేల ఏళ్ల నాటి దొడ్ల మట్టిని తవ్వి పరీక్షించి 2018లో 'నేచర్' పత్రికలో అచ్చేశారు: ఆనాటి పేడ సారం ఇప్పటికీ నేలలో ఉంది. మంద పడుకున్న చేను ఎలా పండుతుందో మన గొల్లకురుమలను అడిగితే చెబుతారు. దానికి 'నేచర్' దాకా పోనక్కర్లేదు.

ఆవుల్ని తరిమేస్తే ఏమవుతుందో కూడా చేసి చూశారు. 1974లో న్గోరోంగోరో బిలం అడుగున ఉంటున్న మాసాయిలను వెళ్లగొట్టారు. వాళ్లు ఏటా పెట్టే చిన్న చిన్న మంటలనూ ఆపేశారు. గడ్డి నిలువెత్తు ముదిరింది, పిడుదులు పుట్టలు పుట్టలుగా పెరిగాయి. 2000, 2001 నాటి కరువులో పిడుదులు తెచ్చే రోగాలకు అడవిదున్నలు, ఖడ్గమృగాలు చనిపోయాయి. ఆ తర్వాత అధికారులే అగ్గిపెట్టె పట్టుకుని గడ్డి తగలబెట్టడం మొదలుపెట్టారు. మాసాయి పెడితే నేరం, అధికారి పెడితే శాస్త్రీయ నిర్వహణ.

ఇదంతా చెప్పినా "జనాభా, ఆవులు పెరిగితే జంతువులు తగ్గవా?" అని పట్టుబట్టేవాళ్లకు సరిహద్దే జవాబు చెబుతుంది. కెన్యా, టాంజానియాల నడుమ దొరలు స్కేలు పెట్టి గీసిన గీతకు రెండు వైపులా ఉన్నది ఒకే మైదానం, ఒకే మాసాయిలు, ఒకే రకం ఆవులు, జనాభా పెరుగుదల కూడా ఇంచుమించు అంతే. 1970ల నుంచి 1990ల దాకా లెక్కలు తీస్తే కెన్యా వైపు వైల్డ్‌బీస్ట్‌లు మూడొంతులకు పైగా పోయాయి. టాంజానియా వైపు అలాంటి పతనం లేదు. తేడా ఎక్కడ? కెన్యాలో ఉమ్మడి భూములు ముక్కలై పట్టాలయ్యాయి. లోయిటా మైదానంలో వైల్డ్‌బీస్ట్‌లు ఈనే చోట ట్రాక్టర్లు దిగాయి, గోధుమ వేశారు. పరిశోధకురాలు కేథరిన్ హోమ్‌వుడ్ బృందం 2001లో ఈ లెక్క తేల్చి ప్రచురించింది. ఆవు రెండు వైపులా ఉంది, నాగలి ఒక వైపే దిగింది.

ఉమ్మడి బీడంటే ఎవడికి వాడు మేపి నాశనం చేస్తాడన్న సిద్ధాంతం గారెట్ హార్డిన్‌ది, 1968 నాటిది. ఆయన చెప్పింది కూడా ఊహలోని బీడు గురించే. ముప్పై ఏళ్ల తర్వాత 1998లో, కట్టుబాట్లు లేని బీడు గురించే నా మాట వర్తిస్తుంది, ఆ ముక్క రాయడం మరిచానని ఆయనే ఒప్పుకున్నాడు. మాసాయిలకు ఏ బీడులో ఏ నెలలో ఎవరు దిగాలో కట్టుబాట్లున్నాయి. ఒప్పుకోలు మాత్రం పార్లమెంటులదాకా చేరలేదు.

ఇక, లోలియోండోలో 1992 నుంచి వేట హక్కులు యూఏఈకి చెందిన ఒక కంపెనీ చేతిలో ఉన్నాయి. ఆవు గడ్డి మేస్తే పర్యావరణానికి చేటు. విమానంలో దిగి జంతువుల్ని కాల్చుకుపోతే దేశానికి ఆదాయం. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

ఒక్క విషయంలో మాత్రం అవతలివాళ్ల మాట తీసిపారేయలేం, ఇష్టం లేకపోయినా. 1959లో న్గోరోంగోరోలో ఉన్నది 8,000 మంది మాసాయిలు. ఇప్పుడు లక్షకు దగ్గర. 8,292 చదరపు కిలోమీటర్లు సాగవు. మనిషికి దక్కే ఆవుల సంఖ్య బాగా పడిపోయింది. పాలతో గడిచే రోజులు పోయి మొక్కజొన్న పిండి కొనుక్కుని బతుకుతున్నారు. కెన్యా మేతభూముల్లో 1977, 2016 మధ్య ఆవులు తగ్గి, గొర్రెలూ మేకలూ నూటికి డెబ్భై ఆరు వంతులు పెరిగాయి, అడవి జంతువులు సగటున నూటికి అరవై ఎనిమిది వంతులు తగ్గాయి. జీవాలు నేలను గీకి మేస్తాయి, కాదనను. కానీ 1959లో సెరెంగెటీ ఖాళీ చేసి వచ్చినందుకే కదా న్గోరోంగోరోలో చోటిచ్చారు. మీ ప్రయోజనానికీ జంతువుల ప్రయోజనానికీ పోటీ వస్తే మీదే పైచేయి అని బ్రిటిష్ గవర్నరే మాటిచ్చాడు. ఆ తర్వాత బిలం అడుగు పోయింది, 1975లో సాగు మీద నిషేధం వచ్చింది, 1992లో ఎత్తేశారు, 2009లో మళ్లీ పెట్టారు. పళ్లెం చిన్నది చేసుకుంటూ పోయి, తినేవాళ్లు ఎక్కువయ్యారంటే ఎలా?

చిల్లర అపోహలు కొన్ని ఉన్నాయి, నిలబడి వాదించే పనిలేదు. మాసాయిలు అడవి జంతువుల్ని వేటాడి తింటారు: తినరు, వేటమాంసం వాళ్లకు నామోషీ. రోజూ నెత్తురు తాగి బతుకుతారు: పైన చెప్పాను, మొక్కజొన్న సంకటి. వాళ్లు అక్కడికి వచ్చి రెండు మూడు వందల ఏళ్లే కాబట్టి స్థానికులు కారు: వాళ్లకు ముందున్న డాటోగాలు కూడా పశుకాపరులే, హోటళ్లు వచ్చింది నిన్న. సెరెంగెటీలో మనిషి ఆనవాలే లేదు: మోరూ గుట్టలెక్కండి, బండల మీద మాసాయిలు వేసిన డాళ్ల బొమ్మలు ఎరుపు, తెలుపు, నలుపు రంగుల్లో కనిపిస్తాయి.

"మ్సొమెరాకు స్వచ్ఛందంగానే వెళ్తున్నారు" అన్నది కూడా చిల్లరదే అనుకునేవాణ్ణి, హ్యూమన్ రైట్స్ వాచ్ 2024 నివేదిక చదవకపోతే. ఆసుపత్రికి, బడికి నిధులు కోసేసి, ఇక ఉండలేమనుకున్నవాడు సంతకం పెడితే దాన్ని స్వచ్ఛందం అంటున్నారు. మ్సొమెరాలో అప్పటికే ఉంటున్నవాళ్లు, ఆ భూమి మాదే కదా అని మొత్తుకున్నారు. 2024 ఆగస్టులో ఓటర్ల జాబితా గొడవతో మాసాయిలు న్గోరోంగోరో రోడ్డు మీద బైఠాయించాక, డిసెంబరులో అధ్యక్షురాలు సామియా సులుహు హసన్ వాళ్లతో మాట్లాడి రెండు కమిషన్లు వేస్తానన్నారు. పులుల అభయారణ్యం పేరుతో నల్లమల చెంచులకు చెబుతూ వచ్చిన కబుర్లు విన్నవాళ్లకు ఈ వరస కొత్తగా అనిపించదు.

వెళ్లొద్దని అనడం లేదు. వెళ్లండి, డబ్బు ఎటు పోతుందో చూసుకుని వెళ్లండి. కెన్యాలో మాసాయి మారా చుట్టూ నబోయిషో, ఓలారే మొటొరోగీ లాంటి కన్సర్వెన్సీలు ఉన్నాయి. మాసాయి కుటుంబాలు తమ భూములను కౌలుకిచ్చి నెలనెలా కౌలు తీసుకుంటాయి, వంతులవారీగా ఆవులనూ మేపుకుంటాయి. పట్టాలు మగవాళ్ల పేర్ల మీద ఉండటంతో ఆడవాళ్ల చేతికి అందేది తక్కువ, ఆ లోటు ఉంది. అయినా తరిమేయడం కంటే నయం. టాంజానియాలో అయితే టరంగీరె పక్కనే ఉన్న రండిలెన్ లాంటి చోట్లు చూడండి, అది ఊళ్లు కలిసి నడుపుకునేది. టూర్ ఏజెంటును రెండు ముక్కలు అడగండి: క్యాంపు ఎవరి భూమిలో ఉంది, వాళ్లకు కౌలు కడుతున్నారా? తెల్లమొహం వేస్తే ఇంకో ఏజెంటును చూసుకోండి. మాసాయి ఊరు చూపిస్తామని తీసుకెళ్లి రుసుము డ్రైవరే వసూలు చేసుకుంటే, ఊరికి చేరేది చిల్లరే. దిగాక ఊరి పెద్దకే ఇస్తామని ముందే చెప్పండి. పూసలు కొనేటప్పుడు కుట్టిన ఆవిడ చేతికే డబ్బివ్వండి.