పేరు మారింది, మచ్చ?

1916 మే 19న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఒక ఊరి జనం తమ ఊరి పేరు ఉంచుకోవాలా, మార్చుకోవాలా అని ఓట్లు వేశారు. ఆ ఊరి పేరు బెర్లిన్. వాటర్లూ అనే ఊరిని ఆనుకునే ఉంటుంది. ఒక ఊరు ఎక్కడ అయిపోయి రెండోది ఎక్కడ మొదలవుతుందో కొత్తవాళ్లు పోల్చుకోలేరు. అక్కడి జర్మన్ కుటుంబాలు తరాల కిందటే వచ్చి స్థిరపడ్డవి. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే వాళ్ల ఊరి పేరే నేరమైపోయింది. 1914 ఆగస్టులో విక్టోరియా పార్కులోని కైజర్ మొదటి విల్‌హెల్మ్ ప్రతిమను చెరువులో పడేశారు. 1916లో సైనికులు లూథరన్ పాస్టర్ టాపర్ట్‌ను ఇంట్లోంచి ఈడ్చుకొచ్చి వీధిలో కొట్టారు. ఓట్లు లెక్కపెడితే మార్చాలన్నవాళ్లు 1,569 మంది, వద్దన్నవాళ్లు 1,488 మంది. తేడా 81 ఓట్లు. సెప్టెంబరు 1 నుంచి బెర్లిన్ కాస్తా కిచెనర్ అయింది.

ఆ జూన్‌లోనే సముద్రంలో మునిగి చనిపోయిన బ్రిటిష్ సేనాని కిచెనర్ పేరది. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సర్వసైన్యాధిపతిగా ఉన్నాడు. అంతకుముందు దక్షిణాఫ్రికాలో బోయర్ల పొలాలు తగలబెట్టించి, ఆడవాళ్లను, పిల్లలను నిర్బంధ శిబిరాల్లోకి తోలించాడు. అక్కడ దాదాపు 26 వేల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. విడిగా ఉంచిన నల్లజాతివాళ్లలో కనీసం 14 వేల మంది పోయారు. ఎవరో చేసిన పాపం తమకు అంటకూడదని ఆ ఊరు పాత పేరు వదులుకుని, ఇంత పాపం ఉన్న పేరు తెచ్చుకుంది. ఆ పేరే ఇప్పటికీ బోర్డుల మీద ఉంది.

చేయని తప్పుకు పడ్డ మచ్చ మాత్రం కాలంతో పాటు దానంతటదే పోయింది. 1969 నుంచి కిచెనర్-వాటర్లూ జంటనగరాలు ఏటా అక్టోబర్‌ఫెస్ట్ జరుపుతున్నాయి. ఒకప్పుడు జర్మన్ అని చెప్పుకోవడానికి జడిసిన ఊళ్లో బవేరియా పాటలు మైకుల్లో మోగుతున్నాయి. చేసిన తప్పు అలా పోదు. దానికీ ఇక్కడే ఉదాహరణ ఉంది. యుక్రెయిన్‌లో యూదులను వేల సంఖ్యలో చంపిన నాజీ దళంలో దుబాసీగా పనిచేసిన హెల్ముట్ ఓబర్‌లాండర్ 1954లో కెనడాకు వచ్చి, ఈ ప్రాంతంలోనే ఇళ్ల నిర్మాణంలో రాణించాడు. 1995లో అతని పౌరసత్వంపై ప్రభుత్వం కేసు మొదలుపెట్టింది. హత్యల్లో స్వయంగా పాల్గొన్నాడనడానికి సాక్ష్యం లేదని, వలస వచ్చేటప్పుడు ఆ కొలువు సంగతి దాచాడని 2000లో కోర్టు తేల్చింది. పౌరసత్వం తీసేయడం, మళ్లీ కోర్టుకెక్కడం ఏళ్ల తరబడి సాగింది. 2021లో, 97వ ఏట, వాటర్లూలోని ఇంట్లోనే కన్నుమూశాడు. బలవంతంగా చేర్చుకున్నారని అతను చివరిదాకా అన్నాడు. కావచ్చు. కానీ ఆ దళం చేతిలో పోయినవాళ్ల పిల్లలకు జవాబు దక్కలేదు.

జర్మనీ దేశంగా వేరే దారి పట్టింది. 1970 డిసెంబరు 7న ఛాన్సలర్ విలీ బ్రాంట్ వార్సాలో యూదుల స్మారకం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. హిట్లర్ కాలంలో దేశం విడిచి పారిపోయి నాజీలకు ఎదురు నిలిచిన మనిషాయన. తను చేయని నేరానికి దేశం తరఫున తల వంచాడు. అది అతి అని అప్పటి సర్వేలో 48 శాతం మంది పశ్చిమ జర్మన్లు అన్నారు. తర్వాతి తరాలు ఆ 48 శాతం మాట వినలేదు, అదీ జర్మనీ అదృష్టం.

మరి కెనడా? వాటర్లూ విశ్వవిద్యాలయంలో సభ మొదలయ్యే ముందు ఒక ప్రకటన చదువుతారు. గ్రాండ్ నదికి ఇరువైపులా ఆరేసి మైళ్ల మేర నేలను 1784లో సిక్స్ నేషన్స్ అనే ఆదివాసీ తెగలకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిందని, విశ్వవిద్యాలయం ఆ నేల మీదే ఉందని దాని సారాంశం. దాదాపు 9.5 లక్షల ఎకరాల్లో ఇప్పుడు వాళ్లకు మిగిలింది 5 శాతం లోపే. ఇక్కడ చదువుకుంటున్న మన తెలుగు పిల్లలూ ఆ నాలుగు వాక్యాలకు తలలూపి లెక్చర్‌కు వెళ్లిపోతారు.

అదే నది దిగువన బ్రాంట్‌ఫర్డ్‌లో మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే పాత రెసిడెన్షియల్ స్కూలు భవనం ఉంది. ఇక్కడి రెసిడెన్షియల్ స్కూళ్లంటే మన గురుకులాలు అనుకోవద్దు. ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కుని, వాళ్ల భాష మాట్లాడితే కొట్టి, ఆ జాతి గుర్తులన్నీ చెరిపేయడానికి ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన బడులవి. లక్షా 50 వేల మంది పిల్లలు వాటిలో పడ్డారు. 4,100 మందికి పైగా తిరిగి ఇల్లు చేరలేదని రికార్డులే చెబుతున్నాయి. 2008లో ప్రధాని హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2015లో సత్య, సయోధ్య కమిషన్ దీన్ని సాంస్కృతిక జాతి హననం అంది.

మోహాక్ బడి 1970లో మూతపడింది. రోజూ గంజిలాంటి ఓట్స్ జావే పోసేవాళ్లు కాబట్టి పిల్లలు దానికి ‘మష్ హోల్’ అని పేరు పెట్టారు. కొన్నేళ్ల కిందట పైకప్పు కారి భవనం పాడైతే, కూల్చేయాలా, ఉంచాలా అని సిక్స్ నేషన్స్ జనాన్నే అడిగారు. 98 శాతానికి పైగా ఉంచమన్నారు. చందాలు పోగుచేసి బాగుచేయించారు. అక్కడ దెబ్బలు తిన్నవాళ్లే ఆ గోడలు ఉండాలన్నారు. గోడలు పడిపోతే రేపు ఎవరో వచ్చి ఇదంతా జరగలేదంటారని వాళ్లకు తెలుసు.

దేశానికి మచ్చ పోతుందా అని అడిగితే, పోదనే నా జవాబు. పోనక్కర్లేదు కూడా. దాని గురించి బయటివాళ్లు నిలదీసే దాకా ఆగుతుందా, తనంతట తనే చెబుతుందా అన్నదాన్ని బట్టే ఆ దేశాన్ని నమ్మాలో లేదో తేలుతుంది. వాటర్లూలో 2015లో 22 మంది ప్రధానుల విగ్రహాలు పెడతామని లారియర్ విశ్వవిద్యాలయం ముందుకొచ్చింది. విద్యార్థులు, అధ్యాపకులు అడ్డం తిరిగారు. ఆ బడులకు పునాది వేసిన తొలి ప్రధాని మెక్‌డొనాల్డ్‌ను సిక్స్ నేషన్స్ నేల మీదే నిలబెడతారా అని అడిగారు. ప్రతిపాదన రద్దయింది. పొరుగునున్న బేడెన్ ఊరు ఆ విగ్రహాలను పెట్టుకుంది. 2020లో ఎర్ర రంగు పడ్డాక మెక్‌డొనాల్డ్ విగ్రహం గోడౌన్‌కు చేరింది.

సెప్టెంబరు 30న కెనడా ఆ బడుల పిల్లలను తలుచుకుంటుంది. దానికి పదమూడు రోజుల ముందు, 1948లో నిజాం రాజ్యం భారత్‌లో కలిసిన సెప్టెంబరు 17న, హైదరాబాదులో జెండాలెగురుతాయి. రజాకార్ల చేతిలో పరకాల, బైరాన్‌పల్లి పడ్డ బాధ మనం చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆ విలీనం కోసం భారత సైన్యం జరిపిన పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత ప్రాణాలు కోల్పోయిన ముస్లింల మాట మాత్రం ఎత్తం. నెహ్రూ ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది దాకా పోయారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. బైరాన్‌పల్లి మృతుల పక్కన ఈ మృతులనూ ఒకే పాఠంలో చదివే తెలంగాణ పిల్లవాడు ఇంకా పుట్టలేదు. సుందర్‌లాల్ నివేదికను తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి సెప్టెంబరు 17 సభలోనే పంచిపెట్టే ధైర్యం ఏ ప్రభుత్వానికైనా ఉందా? కెనడాకు క్షమాపణ చెప్పడానికి 2008 దాకా పట్టింది. మనకు 1948 నుంచి లెక్క నడుస్తూనే ఉంది.