లారీ ఎక్కించడంతో తీరే పని కాదు



చదువు ముగించిన కుర్రవాడు "లాజిస్టిక్స్ మేనేజరు ఉద్యోగం వచ్చింది" అంటే, "లారీలు పంపే గుమాస్తా పనా నాయనా?" అని అడిగే పెద్దలు మన ఊళ్లలో ఉన్నారు. ఆ ఉద్యోగంలో ఏయే బాధ్యతలుంటాయో ఈనాటి ప్రసంగంలో చూద్దాం.

లాజిస్టిక్స్ అన్న మాట సైన్యం నుంచి వ్యాపారంలోకి వచ్చింది. దండు కదిలితే తిండి, గుడారాలు, మందుగుండు దాని వెంట వేళకు చేరాలి గదా! వ్యాపారంలోనూ అంతే. కావలసిన సరుకును, కావలసినంత, కావలసిన చోటికి, వేళకు, చెడకుండా, తగిన ఖర్చులో చేర్చాలి. ఈ ఆరింటికీ జవాబుదారీ ఆ మేనేజరే.

మనకు తెలిసిన సరుకుతోనే చెప్పుకుందాం. శ్రీనివాసపురం, చిత్తూరు, కృష్ణగిరి మూడు రాష్ట్రాల్లో ఉన్నా మామిడికి అంతా ఒకే సీమ. ఇక్కడి తోతాపురి కాయ చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. కృష్ణగిరిలో అలాంటి ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకోండి.

మేనేజరు మొదటి బాధ్యత కాయ రాక. ఫ్యాక్టరీ రోజుకు 200 టన్నులు ఆడించగలదనుకుందాం. 300 టన్నులు ఒకేసారి గేటు ముందుకు వస్తే, మిగిలిన 100 టన్నులు లారీల్లోనే మగ్గి కుళ్లుతాయి. తూకంలో తరుగు రైతుకు, ఆగిన బండి కిరాయీ రైతుకే. అందుకని ఏ ఊరి కాయ ఏ రోజు, ఏ వేళకు రావాలో ముందే చెప్పి టోకెన్లు ఇవ్వాలి. రైతు నష్టం ఫ్యాక్టరీ ఖాతాలో కనబడదు. అయినా దాన్ని తన లెక్కలో వేసుకునేవాడే మంచి మేనేజరు. ఒకసారి దెబ్బతిన్న రైతు మరుసటి ఏడు ఆ గేటు తొక్కడు.

రెండవది నిల్వ. గుజ్జు కొద్ది వారాల్లో తయారవుతుంది, అమ్మకం ఏడాది పొడుగునా సాగుతుంది. శుద్ధిచేసిన గుజ్జును గాలి చొరని సంచుల్లో నింపి ఇనుప డ్రమ్ముల్లో పెడతారు. కోతలు మొదలయ్యేలోపే డ్రమ్ములు, సంచులు గిడ్డంగికి చేరాలి. అవి లేకపోతే కాయ ఉన్నా యంత్రం ఆగుతుంది. ముందు నింపిన డ్రమ్ము ముందు బయటికి పోయేలా చూడటం కూడా ఆయన పనే.

మూడవది పంపకం. ఒక్కో డ్రమ్ములో సుమారు 215 కిలోల గుజ్జు పడుతుంది. 20 అడుగుల కంటెయినరులో 80 డ్రమ్ములు, అంటే 17 టన్నుల పైచిలుకు. చెన్నై రేవు సుమారు 250 కిలోమీటర్లు. ఓడ కదలడానికి ముందే రేవులో కంటెయినర్లు తీసుకోవడం ఆపేస్తారు. అది తప్పితే తర్వాతి ఓడ దాకా కాచుకోవాలి, అద్దె కట్టాలి. అందుకే మేనేజరు ఆ గడువు నుంచి వెనక్కి లెక్క వేస్తాడు: కస్టమ్స్ పని, ప్రయాణం, హమాలీలు, ఖాళీ కంటెయినరు. కిరాయి తక్కువని నమ్మకం లేని లారీని పిలిస్తే, అక్కడ మిగిలిన వెయ్యి ఇక్కడ పదివేలై పోతుంది.

నాల్గవది కాగితాలు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక సరిహద్దుల్లో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. 2018 ఏప్రిల్ నుంచి, 50,000 రూపాయలు మించిన సరుకు రాష్ట్రం దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. తాజా మామిడికి అక్కరలేదు, గుజ్జుకు కావాలి. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు.

ఐదవది అనుకోని ఆటంకం. 2025 జూన్‌లో ఇతర రాష్ట్రాల తోతాపురి రాకూడదని చిత్తూరు జిల్లా యంత్రాంగం ఉత్తర్వు ఇచ్చింది. కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. ప్రభుత్వాల మాట తేలేదాకా కోసిన కాయ ఆగదు గదా! రెండో దారి, రెండో ఫ్యాక్టరీ, రెండో లారీ యజమాని ఎవరో ముందే తెలిసి ఉండాలి.

తల్లిదండ్రులారా, ఈ పనికి లెక్క రావాలి, ఓర్పు ఉండాలి, నలుగురి భాష తెలియాలి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో నేర్చిన మన పిల్లలు రైతుతో, డ్రైవరుతో, హమాలీతో వారి మాటలోనే మాట్లాడగలరు. సరిహద్దులో పుట్టడం ఈ పనికి వచ్చే అర్హతే. అబ్బాయైనా అమ్మాయైనా ఈ దారి ఎంచుకుంటే ధైర్యం చెప్పి పంపండి.