పిల్లికి తలుపు మూసే ముందు

ఒక పిల్లిని బంధించి, తిండీ నీళ్ళూ పెట్టక, పోనీ నేలమీది పురుగూ పుట్రా తిని బతకడానికైనా వదలక, దాని చావుకు కారణమైన స్త్రీ నరకం పాలయిందని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు మనలో చాలామందికి తెలిసిందే. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అది విన్నప్పుడల్లా ఆమె ఎవరో కఠిన హృదయురాలని అనుకునేవాళ్ళం. మేమే ఒక పిల్లిని గదిలో ఉంచి తలుపు మూసిన రోజున గానీ ఆ మాట మనకూ వర్తిస్తుందని తోచలేదు.

గుంటూరులో పాత పెంకుటిల్లు ఖాళీ చేసి మూడో అంతస్తు ఫ్లాటుకు మారాం. ఆ ఇంటి పెరట్లో ఐదేళ్ళుగా ఒక బూడిదరంగు ఆడపిల్లి ఉండేది. పగలు ప్రహరీ గోడ మీద, రాత్రి పెంకుల మీద. అన్నం వేళకు మాత్రం వంటింటి గడప దగ్గర హాజరు. ఇల్లు పడగొట్టబోతున్నారు. వదిలేసి రావడానికి పిల్లలు ఒప్పుకోలేదు. మూతబుట్టలో పెట్టి తెచ్చాం.

మొదటి రాత్రి అది తలుపు గీరుతూ అరిచిన అరుపుకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. "ఇది దానికి కైదు కాదా బేటా? తలుపు తీసెయ్యి" అన్నారు నానీ. తీస్తే మెట్లు దిగి, పాత ఇల్లు వెతుక్కుంటూ ఏ లారీ కిందో పడుతుందని భయం. తియ్యలేదు. కానీ ఆ మాట గుచ్చుకుంది. హదీసును మళ్ళీ నిదానంగా చదువుకుంటే ఒక సంగతి బోధపడింది. ఆ స్త్రీ దాని ఆహారపు దారి మూసేసింది, తానూ పెట్టలేదు. అంటే తలుపు మూసినవారు బయట దానికి దొరికేవన్నీ లోపల సమకూర్చాలి. తిండి ఒక్కటే కాదు. ఎక్కడానికి గోడ, గీరడానికి చెట్టు, దాక్కోవడానికి మూల, కాలకృత్యాలకు మట్టి.

మేము చేసిన పొరపాటు ఇల్లంతా ఒకేసారి చూపించడం. బెదిరి బీరువా వెనక దూరి మర్నాడంతా ముద్ద ముట్టలేదు. పశువైద్యులు మందలించారు: ముందు ఒక్క గదే ఇవ్వాలి, అందులో పక్కకు పడేసిన అట్టపెట్టె, పాత ఇంటి వాసన ఉన్న గోనెపట్టా ఉండాలి. పిల్లి రెండు రోజులు తిండి మానేస్తే కాలేయానికే ముప్పట, ఆలస్యం చెయ్యకూడదు. గదికి అలవాటు పడ్డాకే మిగతా ఇల్లు.

తొట్టిలో ఇసుక పోసి పెడితే దాని వంక చూడలేదు. హాల్లో పరిచిన జానమాజ్ మీద పోసింది! అమ్మీ కోపం చెప్పనలవి కాదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) తమ వజూ నీళ్ళ పాత్రను పిల్లి తాగడానికి వంచి, పిల్లి అపవిత్రం కాదనీ, అది మన మధ్య తిరుగాడేదనీ ప్రవక్త (స) చెప్పిన మాటను కోడలికి గుర్తుచేశారు కదా అని మేము అనబోతే, "అది మూతి సంగతి, మూత్రం సంగతి కాదు" అన్నారు అమ్మీ. నిజమే. ఉతికి, అప్పటినుంచి నమాజు కాగానే మడిచి పైన పెడుతున్నాం. చివరకు పెద్దబ్బాయి పాత పెరటి మట్టి సంచీడు తెచ్చి ఇసుకలో కలిపాడు. ఆ పూటే తొట్టిలోకి వెళ్ళింది.

తొట్టి అన్నం పళ్ళేనికి దూరంగా ఉండాలి, రోజూ శుభ్రం చెయ్యాలి. గర్భిణులు ఆ పని ముట్టుకోకూడదు. పిల్లి మలం ద్వారా కడుపులో బిడ్డకు హాని చేసే సూక్ష్మజీవి సోకవచ్చు. ఫినాయిలు వాడటం మానేశాం, అది పిల్లులకు విషం. కాళ్ళకు అంటిన దాన్ని నాకేస్తాయి. బిర్యానీ ఎముకలూ, ఉల్లి, వెల్లుల్లి తగిలిన మాంసమూ పెట్టకూడదు. పాలు కూడా చాలా పెద్ద పిల్లులకు అరగవు. ఈ మాట నానీ ఇప్పటికీ నమ్మరు.

పిల్లికి చురుకు పుట్టేది సంధ్యవేళ, తెల్లవారుజామున. అందుకని మగ్రిబ్ తర్వాత పిల్లలు తాడు కొసకు గుడ్డపీలిక కట్టి పావుగంట ఉరికిస్తారు, ఆ వెంటనే అన్నం. వేటాడి తిన్నట్టుంటుంది కాబోలు, పడుకుంటుంది. రాత్రి అరిస్తే లేచి తిండి పెట్టరాదు. అరిస్తే దొరుకుతుందని నేర్చుకుంటుంది. ఫజ్ర్ వేళ అరిస్తే మాత్రం మాకు మేలే. పాత స్టూలు కాలికి కొబ్బరితాడు చుట్టాక సోఫాను గీరడం తగ్గింది. కిటికీలకూ బాల్కనీకీ గట్టి జాలీ కొట్టించాం. పిల్లి ఎక్కడి నుంచి పడ్డా బతుకుతుందనే మాట నమ్మి ఊరుకోరాదు. రేబిస్ టీకా లోపల ఉండేదానికీ వేయించాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషను విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. తెలిసిన ఆలింను, పశువైద్యుణ్ణి ఇద్దరినీ అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

కుదుటపడటానికి రెండు నెలలు పట్టింది. మనిషి చేయి తగలనివ్వని వీధిపిల్లినైతే ఇలా లోపల పెట్టమని మేము చెప్పం. దానికి ఉన్నచోటే తిండి పెట్టడం నయం. మా పిల్లి కూడా వాన వెలిసిన సాయంత్రాలు జాలీ దగ్గర కూర్చుని మట్టివాసనకు సన్నగా అరుస్తూనే ఉంటుంది. నానీ లోపలినుంచి కేకేస్తారు: "దానికి నీళ్ళు పెట్టారా?"