విమాన ప్రయాణాలు – వేడెక్కుతున్న భూమి

తండ్రికి ఆపరేషన్ అని కబురు అందగానే, అమెరికాలో ఉన్న కొడుకు రెండు రోజుల్లో మంచం పక్కన ఉంటాడు. మీ వార్డులోనే ఇలాంటివి చూసి ఉంటారు. విమానం చేసే మేలు ఇది. అయితే అది గాలిలోకి వదిలేది ఏమిటో కూడా మనం తెలుసుకోవాలి.

విమానం ఏమి వదులుతుంది?

విమాన ఇంధనం ఒక రకమైన కిరోసిన్. ఒక కిలో ఇంధనం మండితే 3 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వెలువడుతుంది. ఇంధనంలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది కనుక బరువు పెరుగుతుంది. ఈ వాయువు కంటికి కనిపించదు. కానీ దుప్పటిలా భూమి వేడిని పట్టి ఉంచుతుంది. అందులో కొంత వందల ఏళ్లు గాలిలోనే ఉండిపోతుంది.

కొత్త విమానాలు తక్కువ ఇంధనం వాడతాయి కదా?

నిజమే. ఒక ప్రయాణికుణ్ణి ఒక కిలోమీటరు తీసుకువెళ్లడానికి 1990లో పట్టిన ఇంధనంలో 2019 నాటికి సగం చాలింది. కానీ ప్రయాణాలు దాదాపు నాలుగింతలయ్యాయి. అందువల్ల విమానాలు వదిలే బొగ్గుపులుసు వాయువు తగ్గకపోగా దాదాపు రెట్టింపయి, 2019లో సుమారు 100 కోట్ల టన్నులకు చేరింది. 2020లో కరోనా వల్ల తగ్గినా, తరువాత మళ్లీ పెరిగింది.

ప్రపంచం మొత్తం వదిలే దానిలో ఇది సుమారు 2.5 శాతమే. కానీ ప్రపంచంలో ఎక్కువ మంది ఏడాదిలో ఒక్కసారైనా విమానం ఎక్కరు. హైదరాబాదు నుండి అమెరికా వెళ్లివస్తే ఒక్కరి వాటాకే ఒక టన్నుకు పైగా వస్తుంది. మన దేశంలో సగటున ఒక మనిషికి ఏడాది మొత్తానికి వచ్చేది దాదాపు 2 టన్నులు.

మన ఆరోగ్యానికి ఏమి సంబంధం?

భూమి వేడెక్కే కొద్దీ వడగాడ్పులు తీవ్రమవుతాయి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎండలకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. దానికి విమానాలే కారణమని అనలేము. కానీ వేడిని పెంచే వాటిలో అవీ ఒకటి. వేడికి ముందుగా దెబ్బతినేది వృద్ధులు, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు.

మీరు ఏమి చేయవచ్చు?

1. ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఆత్మీయులను చూడవలసి వచ్చినప్పుడు సందేహించకండి, బయలుదేరండి.
2. దూర ప్రాంతపు డాక్టరుకు చూపించే ముందు, రిపోర్టులు పంపి ఫోనులో మాట్లాడితే సరిపోతుందేమో అడగండి.
3. విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్లకు వీలైతే రైలులో వెళ్లండి.
4. రెండు మూడు పనులను ఒకే ప్రయాణంలో ముగించుకోండి.

అవసరమైన ప్రయాణం మానవద్దు. అవసరం లేనిది ఒక్కటి మానినా మేలే.