గొంతు ఎవరిది, కత్తెర ఎవరిది?

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక కుర్రాడు ఇప్పుడు ఒక విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదువుతూ అక్కడి క్యాంపస్ రేడియోకు కార్యక్రమాలు తయారుచేస్తున్నాడు. వేసవి సెలవుల్లో వచ్చి ఒకటి వినిపించాడు. పాలమూరు నుంచి వలసవచ్చి, నగరంలో మేడలు కట్టే పనిలో కూలి చేస్తున్న ఒక స్త్రీ తన కథ చెప్పుకున్నది. ఎనిమిది నిమిషాలు. భర్త చావు, ఊళ్ళో ముసలి తల్లి దగ్గర వదిలిన పిల్లలు, నడుమ నడుమ వేణువు. విన్నవాళ్ళంతా కంటతడి పెట్టారని సంతోషంగా చెప్పాడు.

మొత్తం ఎంతసేపు మాట్లాడిందని అడిగాను. నలభై నిమిషాలట. మిగిలినది కూడా విన్నాను. అందులో గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఉన్నది, దానిమీద వడ్డీ ఉన్నది, పనికి రాని రోజులకు కోత ఉన్నది. భర్త జ్వరంతో పడివుంటే మేస్త్రీ ఊరికి ఎందుకు పోనివ్వలేదో కూడా ఉన్నది. ప్రసారంలో చావు మిగిలింది, చావుకు కారణం పోయింది.

"వార్తలు, రాజకీయాలు వెయ్యకూడదు కదా సార్" అన్నాడు.

ఈ మాట వెనక కొంత చరిత్ర ఉన్నది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. విద్యాసంస్థలకు రేడియో పెట్టుకునే వీలు ముందు దొరికింది. 2004లో మద్రాసులోని అన్నా విశ్వవిద్యాలయం అలాంటి కేంద్రాన్ని ప్రారంభించింది. 2006 విధానంతో స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తెరుచుకున్నది. చిన్న ట్రాన్స్‌మిటరు, చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్లకే వినిపిస్తుంది. కార్యక్రమాల్లో సగమైనా స్థానిక ప్రజల భాగస్వామ్యంతో తయారు కావాలన్నది నియమం. సొంతంగా వార్తలు, రాజకీయ స్వభావం గల వర్తమాన విషయాలు ప్రసారం చెయ్యరాదన్నది మరో నియమం.

ఈ రెండో నియమం అన్యాయమైనదే. కానీ ఒక కూలిమనిషి తన కూలి లెక్క చెప్పుకోవడం ఏ నిఘంటువు ప్రకారం వార్త అవుతుంది? నియమం అడ్డుపెట్టిన చోటు కంటే ముందే మన కుర్రాడి కత్తెర ఆగింది. కన్నీళ్ళు వ్యక్తిగతం, వడ్డీ రాజకీయం అనే విభజన అతనికి నియమాలు నేర్పింది కాదు. మన కథా సాహిత్యమే నేర్పింది. పేదవాణ్ణి జాలిపడదగిన మనిషిగా చిత్రించి, లెక్కలు తెలిసిన మనిషిగా చిత్రించడం మరిచిపోయిన కథలు మనమెన్ని మెచ్చుకోలేదు!

జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో మొదలైన సంగం రేడియోను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. దాన్ని నడిపింది దళిత స్త్రీలు. అనుమతి రాకముందే ఏళ్ళతరబడి రికార్డు చేసి, సంఘాల సమావేశాల్లో ఆ టేపులు వేసుకుని విన్నారు. విత్తనాల గురించి చెప్పేదీ వాళ్ళే, అడిగేదీ వాళ్ళే, కత్తిరించేదీ వాళ్ళే. విద్యార్థికి ఆ వీలు లేదు. అతను బయటివాడు. కాబట్టి అతనికి ఒక పని అదనంగా పడుతుంది: కత్తిరించినదాన్ని చెప్పినవాళ్ళకే ముందు వినిపించాలి.

అన్నీ ఉన్నదున్నట్టు వేసెయ్యమని కాదు. రేడియో వినిపించే ఆ కొద్ది కిలోమీటర్లలోనే మేస్త్రీ కూడా ఉంటాడు. రేపు పనిలోకి రానివ్వకపోతే ఆమెను ఏ శ్రోత ఆదుకుంటాడు? ఏ పేరు చెప్పాలో, ఏది దాచాలో తేల్చుకునే హక్కు ఆమెది. ఆ హక్కును ఆమె మంచికోసమేనంటూ మనం లాక్కుంటే అదీ ఒక రకం మేస్త్రీతనమే.

సెలవులు అయ్యాక కుర్రాడు ఆమె గుడిసెకు వెళ్ళి కార్యక్రమం వినిపించాడట. ఆమె చివరిదాకా విని, "మేస్త్రీ పైసల ముచ్చట చెప్పిన గద బిడ్డా, అదేడబోయె?" అన్నదట. తర్వాత ఇద్దరూ కూర్చుని మళ్ళీ తయారుచేశారు. మేస్త్రీ పేరు ఆమే తీసెయ్యమన్నది. అడ్వాన్సు ఎంత, తెగింది ఎంత, మిగిలింది ఎంత అన్నది ఉంచమన్నది. పదకొండు నిమిషాలైంది. వేణువు లేదు.